థాయ్ పల్లె బడిలో చివరి వారం

థాయ్‌లాండ్‌లో పాఠాలు చెప్పడానికి వలంటీర్లుగా వెళ్లేవాళ్లు మొదటి వారం గురించి ఎంతో ఆలోచించి బయల్దేరతారు. మొదటిరోజు ఏం కట్టుకోవాలి, ఏ పాట నేర్పాలి, పిల్లల్ని ఎలా పలకరించాలి... వీటన్నిటికీ శిక్షణ ఉంటుంది, ముందు వెళ్లొచ్చినవాళ్ల సలహాలుంటాయి. చివరి వారం సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. ఫొటోలు దిగుతూ, కళ్లు తుడుచుకుంటూ, సామాను సర్దుకుంటూ ఆ వారం ఇట్టే గడిచిపోతుంది. నా మటుకు నాకు మొత్తం ప్రయాణంలో ముఖ్యమైనవి ఆ కొద్ది రోజులే. వలంటీరు వెళ్లాక బడిలో ఏం మిగులుతుందన్నది చాలావరకు అప్పుడే తేలుతుంది.

మన కాలేజీ పిల్లలు కూడా ఐసెక్ లాంటి విద్యార్థి సంస్థల ద్వారా సెలవుల్లో ఇలా వెళ్తుంటారు. ఆ కార్యక్రమాలు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు. కొన్ని ప్రైవేటు సంస్థలైతే రెండు వారాలకు కూడా పంపిస్తాయి. దీన్ని అమెరికా పీస్ కోర్ పద్ధతితో పోల్చి చూడండి. 1962 నుంచి థాయ్‌లాండ్‌కు వలంటీర్లను పంపుతున్న ఆ సంస్థలో సేవాకాలం, శిక్షణతో కలుపుకుని, 27 నెలలు. అక్కడి భాష నేర్చుకుని, థాయ్ టీచర్ల పక్కనే నిలబడి, వాళ్లతో కలిసి పాఠం చెప్పడం వాళ్ల పద్ధతి. ఆరు వారాలకు వెళ్లినవారికి అంత వ్యవధి ఉండదు. అందుకే ఉన్న వ్యవధిలో చివరి భాగాన్ని ఎలా వాడుకుంటున్నారన్నది వాళ్ల విషయంలో మరీ ముఖ్యమవుతుంది.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. చివరి వారంలో ఐదు పనిదినాలు ఉంటాయని లెక్క వేసుకోకూడదు. థాయ్ బడుల్లో మొదటి టర్మ్ మే మధ్యలో మొదలై అక్టోబర్ మొదట్లో ముగుస్తుంది. రెండోది నవంబర్ నుంచి మార్చి వరకు. మన విద్యార్థులు వేసవి సెలవుల్లో వెళ్తే వాళ్ల ఆఖరి వారం తరచు జూలైలో పడుతుంది. ఆ నెలలోనే ఆసాళ్హ బూచా పండుగ. బుద్ధుడు సారనాథ్‌లో తొలి ధర్మోపదేశం చేసిన రోజు అది. చాలా సంవత్సరాల్లో అది మన గురుపౌర్ణమి రోజే వస్తుంది. మర్నాటి నుంచి భిక్షువుల వర్షావాసం మొదలు. ఉబోన్ రాచ్చథానీలో అప్పుడే పెద్ద పెద్ద మైనపు దీపస్తంభాలను చెక్కి ఊరేగిస్తారు. చుట్టుపక్కల బళ్లలో పిల్లలు నాట్యం సాధన చేస్తూ క్లాసులకు దూరమవుతారు. ఇక 28వ తేదీ రాజు పుట్టినరోజు సెలవు. ఫిబ్రవరి చివర్లో ముగించుకునేవాళ్లకేమో మాఘ బూచా అనే బౌద్ధ పండుగ సెలవు, స్కౌట్ క్యాంపులు, సంవత్సరాంత పరీక్షల సన్నాహాలు అడ్డొస్తాయి. సంక్రాంతి సెలవుల్లో వెళ్లినవారికి జనవరి 16న టీచర్ల దినోత్సవం, బడికి సెలవు. ఇవి కాక, పొద్దున జెండా వందనం దగ్గర హెడ్మాస్టరు మైకులో ఒక మాట చెబితే చాలు, ఆ రోజు పాఠాలు ఆగిపోయి బడి మొత్తం మొక్కలు నాటడానికో గుడి శుభ్రం చేయడానికో వెళ్తుంది. పల్లె బడి ఊరితో, గుడితో కలిసి బతుకుతుంది కాబట్టి ఇది వాళ్లకు సహజమే. వలంటీరు మాత్రం చివరి వారానికి మూడు రోజులే ఉన్నాయనుకుని పనులు పెట్టుకుంటే నయం. ముఖ్యమైనవి దానికి ముందు వారమే మొదలుపెట్టాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వలంటీరు వెళ్లాక ఆ క్లాసు ఎవరి చేతిలోకి వెళ్తుంది?

థాయ్‌లాండ్‌లో 120 మంది లోపు పిల్లలున్న బడిని చిన్న బడి అంటారు. ఈశాన్యాన ఈసాన్ ప్రాంతంలోనూ, ఉత్తరాది కొండల్లోనూ ఇలాంటివి చాలా ఉన్నాయి. ప్రాథమిక విద్య ఆరు తరగతులు. టీచర్లు ముగ్గురో నలుగురో ఉంటారు. ఇంగ్లీషు చెప్పే టీచరు నిజానికి లెక్కల టీచరో క్రాఫ్టు టీచరో అయ్యుంటారు. వాళ్లే రిజిస్టర్లు రాయాలి, మధ్యాహ్న భోజనం చూసుకోవాలి, జిల్లా ఆఫీసుకు నివేదికలు పంపాలి. ఈ కొరత తీర్చడానికే 1995 డిసెంబర్‌లో ఉపగ్రహం ద్వారా దూరవిద్యా టీవీ ప్రసారాలు మొదలుపెట్టారు. హువా హిన్ పట్టణంలోని క్లాయ్ కంగ్వాన్ బడిలో చెప్పే పాఠాలు దేశంలోని మారుమూల తరగతి గదుల్లో టీవీలో కనిపిస్తాయి. అక్కడి టీచరు ప్రశ్న అడిగితే ఇక్కడి పిల్లలు జవాబు చెబుతారు, పక్కనున్న టీచరు పుస్తకాలు దిద్దుతారు.

విదేశీ వలంటీరు వచ్చిన రోజు ఆ టీవీ ఆగిపోతుంది. థాయ్ టీచరు కూడా ఆ పీరియడ్‌లో మరో తరగతికి వెళ్తారు, లేదా పేరుకుపోయిన కాగితాల పని చూసుకుంటారు. వాళ్లకు అది నిజంగా ఊరట, తప్పు పట్టాల్సిన పని లేదు. అయితే ఇలా ఆరు వారాలు గడిచాక తేలేదేమిటంటే, పిల్లలు నేర్చుకున్న పాటలు, ఆటలు, వాక్యాలు వలంటీరుకీ పిల్లలకీ మధ్యనే ఉండిపోతాయి. ఆ గదిలో రేపు నిలబడబోయే మనిషికి వాటి సంగతి తెలియదు. సోమవారం మళ్లీ టీవీ పెడతారు.

అందుకని చివరి వారంలో చేయాల్సిన మొదటి పని, థాయ్ టీచర్ని మళ్లీ క్లాసులోకి పిలవడం. దీన్ని మర్యాదగా చేయాలి. థాయ్ బడుల్లో వయసుకు, హోదాకు గౌరవం చాలా ఎక్కువ. ఇరవై రెండేళ్ల వలంటీరు యాభై ఏళ్ల టీచరుకు పాఠం చెప్పే పద్ధతి నేర్పుతానంటే ఆమె నవ్వి ఊరుకుంటుంది, క్లాసుకు మాత్రం రాదు. అదే "ఖ్రూ (టీచరుగారూ), ఈ ఆట మీరు ఆడిస్తుంటే వెనక కూర్చుని చూడాలని ఉంది. పిల్లలు మీ దగ్గరైతే ఎక్కువ మాట్లాడతారు" అంటే వస్తుంది. అది నిజం కూడా. సందేహం వస్తే పిల్లలు థాయ్‌లో అడగగలిగేది ఆమెనే. ఆమె ఆట నడిపిస్తుంటే వలంటీరు వెనక బెంచీలో కూర్చోవాలి. ఆమె ఏదైనా మార్చుకుంటే మార్చుకోనివ్వాలి. రెండోసారి ఆమె ఆ ఆటను తన పద్ధతిలో ఆడించిందంటే అది బడిలో ఉండిపోతుందన్న నమ్మకం పెట్టుకోవచ్చు.

రెండో పని, కొత్త పాఠాలు ఆపేయడం. ఇంకా చెప్పాల్సింది చాలా ఉందన్న ఆదుర్దాలో చాలామంది చివరి వారం భూతకాలం, భవిష్యత్ కాలం అంటూ కొత్తవి అందుకుంటారు. థాయ్ క్రియలు కాలాన్ని బట్టి రూపం మారవు, కాలం తెలియడానికి పక్కన వేరే మాట చేరుస్తారు. అలాంటి భాష మాట్లాడే పిల్లలకు ఆ పాఠం మూడు రోజుల్లో తలకెక్కదు. ఎక్కిన సగం కూడా గందరగోళంగా మిగులుతుంది. దానికి బదులు, వచ్చిన దాన్ని గట్టిపరచాలి.

ఎలాగంటే, ఒక్క శబ్దాన్ని తీసుకుని చూద్దాం. థాయ్ భాషలో మాట చివర 'స' శబ్దం రాదు. చివర రాగలిగే హల్లులు కొన్నే. అందుకని మాట చివరి 'స్' వాళ్ల నోట 'త్'గా ఆగిపోతుంది. 'బస్' అనమంటే 'బట్' లాంటిది వినిపిస్తుంది. చివరి 'ల్' అయితే 'న్' అవుతుంది. ఫుట్‌బాల్ కాస్తా 'ఫుట్‌బోన్', హోటల్ 'హోతెన్'. పిల్లలకు నోరు తిరగడం లేదని అనుకోనక్కర్లేదు. తమ భాష నేర్పిన చోట నాలుక ఆగుతోంది, అంతే. మన తెలుగువాళ్ల అలవాటు సరిగ్గా దీనికి ఎదురు. మనకు మాట అచ్చుతో ముగిస్తేనే తృప్తి. బస్సు, స్కూలు, బల్బు. తెలుగు వలంటీరు థాయ్ తరగతిలో నిలబడి అలవాటు చొప్పున 'బస్సు' అంటే, పిల్లలు శ్రద్ధగా 'బట్‌సు' అనే అవకాశం ఉంది. కాబట్టి ముందు మన నోరు సరిచేసుకోవాలి. తర్వాత పిల్లల చేత 'స్స్స్' అని బుస కొట్టించాలి. చిన్నపిల్లలకు అది మహా సరదా. గది నిండా పాములైపోతారు. ఆ బుసను 'బ' తర్వాత తగిలించమంటే పది నిమిషాల్లో 'బస్' వస్తుంది. మర్నాటికి పోతుంది. మళ్లీ చేయించాలి. అలా వారం రోజులు చేయిస్తే కొందరికి నిలుస్తుంది. ఇంగ్లీషులో బహువచనం చాలావరకు ఆ చివరి శబ్దం మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఈ శ్రమ వృథా పోదు. థాయ్‌లో నామవాచకానికి బహువచన ప్రత్యయం ఉండదు. కాబట్టి పిల్లలకు అది వినిపించడమే ఒక కొత్త సంగతి. ఈ బుస ఆటను, ఓ ఇరవై మాటల ఉచ్చారణను థాయ్ టీచరు ఫోన్లో రికార్డు చేసి ఇచ్చి వస్తే, అది ఆమెకు రంగురంగుల చార్టుల కంటే ఎక్కువ పనికొస్తుంది.

ఇంకొకటి. థాయ్ బడిలో ఎవరు క్లాసులోకి వచ్చినా పిల్లలంతా లేచి ఒక్క గొంతుతో నమస్కారం చెబుతారు. "హౌ ఆర్ యూ" అంటే "ఐయామ్ ఫైన్, థ్యాంక్యూ, అండ్ యూ" అని రాగం తీస్తారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఆ కోరస్‌లో నోరు మెదపని పిల్లలు వెనక వరసలో ఎప్పుడూ ఉంటారు. చివరి వారంలో పరీక్ష పెట్టి మార్కులు వేయడం కంటే, ఒక్కొక్కరినీ విడిగా థాయ్ టీచరు ముందు కూర్చోబెట్టి రెండు మాటలు మాట్లాడించడం మంచిది. అడిగేది ఆమె, జవాబిచ్చేది పిల్ల. వలంటీరు ఆ దగ్గర్లో ఉండకూడదు. ఎవరికి ఎంత వచ్చిందో ఆమెకే తెలుస్తుంది. వెనక వరస పిల్ల నోటి నుంచి మొదటిసారి ఒక ఇంగ్లీషు వాక్యం విన్నది ఆమే అవుతుంది. ఆ సంతోషం ఆమెకు దక్కాలి.

ఇక వీడ్కోలు. దీని గురించి కాస్త కఠినంగానే మాట్లాడాలి.

లిండా రిక్టర్, ఏమీ నార్మన్ అనే పరిశోధకులు 2010లో ఒక వ్యాసం రాశారు. అనాథాశ్రమాల్లోని చిన్నపిల్లల దగ్గరికి కొద్దికాలం వలంటీర్లు వచ్చి, దగ్గరై, వెళ్లిపోవడం, మళ్లీ కొత్తవాళ్లు రావడం, ఈ వరస పిల్లలకు ఎంత హాని చేస్తుందో అందులో హెచ్చరించారు. వాళ్లు రాసింది ఆఫ్రికా ఆశ్రమాల గురించి. థాయ్ పల్లె బడిలో పరిస్థితి అంత తీవ్రం కాదు. సాయంత్రమైతే పిల్లలు అమ్మమ్మ దగ్గరికో అమ్మ దగ్గరికో వెళ్తారు. అయితే ఈసాన్ పల్లెల్లో తల్లిదండ్రులు పనుల కోసం బ్యాంకాక్ వెళ్లిపోతే తాత, అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు చాలామంది. మనకు పాలమూరు వలసలు తెలుసు, శ్రీకాకుళం వలసలు తెలుసు. అలాంటి పిల్లలకు మనుషులు వెళ్లిపోవడం కొత్త కాదు. ఏటా వలంటీర్లు మారే బడిలో అది ఇంకా పాతపడిపోతుంది.

కాబట్టి వెళ్లే సంగతి చివరిరోజు జెండా వందనం దగ్గర హఠాత్తుగా చెప్పకూడదు. బోర్డు మీద తేదీ రాసేటప్పుడే ముందునుంచి చూపిస్తూ రావాలి. థాయ్ పిల్లలు బౌద్ధ శకంలో సంవత్సరం రాస్తారు, మన సంవత్సరానికి 543 కలిపి. 2026 వాళ్లకు 2569. ఆ లెక్కతోనే క్యాలెండర్లో వలంటీరు వెళ్లే రోజుకు గుర్తు పెడితే ఒకటో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. "మళ్లీ వస్తావా?" అని అడుగుతారు. విమానం టికెట్టు చేతిలో లేనప్పుడు వస్తానని చెప్పకూడదు. ఆ క్షణంలో అలా అనేయడం చాలా తేలిక, ఎదురుగా అంత ఆశగా చూసే ముఖం ఉంటుంది మరి. అయినా అనకూడదు. "తెలియదు. మీ ఖ్రూకి ఉత్తరం రాస్తాను" అనొచ్చు, రాసే ఉద్దేశం ఉంటేనే.

ఈసాన్‌లో ఊరివాళ్లు వలంటీరుకు బాయ్‌సీ సూ ఖ్వాన్ అనే వీడ్కోలు వేడుక చేస్తే, అది పెద్ద గౌరవం. మనిషి ఒంట్లో 32 ఖ్వాన్‌లు, అంటే ప్రాణశక్తుల్లాంటివి, ఉంటాయని వాళ్ల నమ్మకం. ప్రయాణం, జబ్బు, పెళ్లి, భయం లాంటి పెద్ద కదలికలు వచ్చినప్పుడు అవి చెదిరిపోతాయట. వాటిని పిలిచి, తిరిగి ఒంట్లో నిలిపి, దారంతో కట్టి పంపిస్తారు. అరటాకులు మడిచి, గోపురంలా పేర్చి, పూలు గుచ్చిన పళ్లెం మధ్యలో పెడతారు. దాని దగ్గర ఉడికించిన కోడిగుడ్లు, బంకన్నం, అరటిపళ్లు. మధ్యలో కూర్చుని పిలుపు చదివేది ఊరి పెద్ద, తరచుగా ఒకప్పుడు భిక్షువుగా ఉండి గృహస్థుడైనవాడు. చదవడం అయ్యాక ఒక్కొక్కరే వచ్చి తెల్లటి నూలుపోగు తీసుకుని, ముందు దాన్ని చేతి మీద బయటివైపు రాస్తారు, చెడు పోవాలని. తర్వాత లోపలివైపు, మంచి రావాలని. అప్పుడు మణికట్టుకు కడతారు, కడుతూ దీవిస్తారు. మనం పూజలో కట్టుకునే తోరం గుర్తొస్తుంది. దగ్గరగా కూర్చోలేనివాళ్లు ముందున్నవాళ్ల మోచేతిని తాకి ఉంటారు, ఆ వరస మొత్తం ఒకరినొకరు పట్టుకుని ఉంటుంది. కొందరు ముసలమ్మలు దారంతో పాటు మడిచిన ఇరవై బాత్‌ల ఆకుపచ్చ నోటు కూడా కడతారు. వద్దనకూడదు. తర్వాత ఆ సొమ్మును బడికి ఇచ్చి రావచ్చు.

అక్కడ వలంటీరు చేయాల్సింది తక్కువే. నేల మీద కాళ్లు వెనక్కి మడిచి కూర్చోవాలి, పాదాలు ఎవరి వైపూ, ముఖ్యంగా పెద్దల వైపు, చాపకూడదు. భుజాలు కప్పే బట్టలు వేసుకోవాలి. కట్టినవారికి చేతులు జోడించాలి. దారాలు కనీసం మూడు రోజులు ఉంచుకోవాలి, తర్వాత కత్తెరతో కోయకుండా ముడి విప్పి తీయాలి, చెత్తబుట్టలో వేయకూడదు. సెల్‌ఫోను స్టాండుకు బిగించి దాని ముందు తతంగం నడిపించుకోవడం మాత్రం నాకు ఎంత మాత్రం నచ్చని పని. ఫొటోలు ఊరివాళ్లు తీస్తారు, అడిగితే ఆనందంగా పంపిస్తారు.

పిల్లల ఫొటోల గురించి చట్టం కూడా ఉంది. థాయ్‌లాండ్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2022 జూన్ 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పదేళ్లలోపు పిల్లల విషయంలో సమ్మతి తల్లిదండ్రుల నుంచే తీసుకోవాలి. చట్టం సంగతి అలా ఉంచి, మన అమీర్‌పేట బడిలో మన పాప ఫొటో ఒక విదేశీయుడు తన పేజీలో పెట్టి "పేద పిల్లలు" అని రాస్తే ఎలా ఉంటుందో ఆలోచిస్తే చాలు. బడి పేరు, పిల్ల ముఖం, ఊరు మూడూ కలిసి కనిపించే ఫొటో పెట్టకపోవడమే మంచిది. పెద్ద పిల్లలు లైన్ యాప్‌లో, ఫేస్‌బుక్‌లో కలుపుకోమని అడుగుతారు. విడివిడిగా పిల్లలతో కాకుండా బడి ఖాతాతోనో టీచరుతోనో సంబంధం ఉంచుకోవాలి. పిల్లల భద్రతకూ అదే దారి, వలంటీరు పరువుకూ అదే దారి.

బహుమతులు గదికి ఇవ్వాలి, పిల్లకు కాదు. ఒకరికి ఇచ్చి ఒకరికి ఇవ్వకపోతే మిగిలిన ఏడాదంతా ఆ చిన్న గాయాన్ని టీచరు మోయాలి.

కాగితాల పని క్లుప్తంగా. థాయ్ చట్టం ప్రకారం జీతం తీసుకోకుండా పాఠం చెప్పినా విదేశీయులకు వర్క్ పర్మిట్ ఉండాలి. భారతీయులకు 2024 జూలైలో వీసా లేకుండా 60 రోజుల బస ఇచ్చారు, అది పర్యటనకు ఉద్దేశించింది, బడిలో పనికి చెల్లదు. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు రాయబార కార్యాలయంలో కనుక్కోవాలి. బడి పేరు మీద వచ్చిన అనుమతి బడి పని ముగియగానే ముగిసిపోవచ్చు. తర్వాత పుకెట్ చూసి వెళ్దామనుకునేవాళ్లు ఇది చివరి వారంలో కాకుండా ముందే అడిగి పెట్టుకోవాలి. గడువు దాటితే రోజుకు 500 బాత్‌లు, గరిష్ఠంగా 20,000 బాత్‌ల జరిమానా.

మిగిలిన పని ఒక్కటే. తర్వాత వచ్చేవారి కోసం ఒక పేజీ రాసిపెట్టాలి. ఏ తరగతి పుస్తకంలో ఎంతవరకు వచ్చింది, ఏ పాటలు పిల్లలకు బాగా వచ్చు, ఏవి వింటే విసుక్కుంటారు. థాయ్ పిల్లల అసలు పేర్లు బారెడు ఉంటాయి, పిలిచేవి మాత్రం పొట్టి ముద్దుపేర్లు. ప్లోయ్, ఐస్, బ్యాంక్, గోల్ఫ్. హాజరుపట్టీలో అసలు పేర్లే ఉంటాయి కాబట్టి రెండూ ఎదురెదురుగా రాయాలి. ఎవరు వెనక కూర్చుంటారో, ఎవరికి బోర్డు సరిగా కనిపించడం లేదనిపించిందో, ఎవరు బొమ్మలు వేస్తే మాట్లాడతారో కూడా రాయాలి. చెడ్డ పిల్లలు, మంచి పిల్లలు అని రాయకూడదు. రాసింది తేలిక ఇంగ్లీషులో ఉండాలి. దాన్ని థాయ్ టీచరుతో కలిసి కూర్చుని చదివి, ఆమె దిద్దింది దిద్దించి, ఆమె చేత్తో థాయ్‌లో మరో ప్రతి రాయించాలి. ఒకటి తరగతి బీరువాలో, ఒకటి హెడ్మాస్టరు గదిలో పెట్టి రావాలి.